పట్టుకు దొరికే బట్ట



రెండు చేతులూ భుజాల ఎత్తున ముందుకు చాపి నిలబడితే చొక్కా చెయ్యి మణికట్టు దాకా రావాలి. ప్యాంటు చీలమండకు మరీ పైకి పోకూడదు, ఐదు సెంటీమీటర్లే హద్దు. బెల్టు ముడి వేశాక రెండు కొసలూ ఇరవై నుంచి ముప్పై సెంటీమీటర్లు వేలాడాలి. వింటుంటే ఏదో బడి యూనిఫాం గురించి హెడ్మాస్టరు గారు పెట్టిన రూలులా ఉంది కదా. ఇది జూడో పోటీల నియమం. నెలల తరబడి సాధన చేసి, రాత్రంతా బస్సులో కూర్చుని, తెల్లారి తూకంలో నెగ్గి వచ్చిన పిల్లవాణ్ని మ్యాట్ ఎక్కకముందే "డ్రెస్సు మార్చుకుని రా పో" అని వెనక్కి పంపగలిగిన నియమం.

క్రికెట్‌లో ప్యాంటు పొట్టిగా ఉందని ఎవరినీ అవుట్ ఇవ్వరు. కబడ్డీలో బనీను బిగుతుగా ఉందని పాయింటు తీసేయరు. జూడోలో మాత్రం న్యాయం బట్ట దగ్గరే మొదలవుతుంది. స్కూల్ గేమ్స్ జాబితాలో జూడో ఉంది. మన నంద్యాల, ఆళ్లగడ్డ బడిపిల్లలు ఆ ఆటకు వెళితే పేపర్లో పేర్లు వస్తాయి, పతకాలు మెడలో వేసుకుని ఫొటోలు దిగుతారు, ఊళ్లో ఫ్లెక్సీలు కడతారు. సంతోషమే. కానీ ఆ ఆట ఎట్లా ఆడతారు, గెలుపు ఎట్లా తేలుతుంది, ఆ తెల్లచొక్కా గొడవ ఏమిటి అని అడిగితే కన్నవాళ్లలో చాలామంది కరాటే లాంటిదే ఏదో అని ఊరుకుంటారు. కరాటే వేరు, ఇది వేరు. ఇందులో గుద్దులు లేవు, తన్నులు లేవు. పట్టుకోవడం, పడేయడం, నేల మీద అదిమి ఉంచడం, చేతికీళ్లకు తాళం వేయడం, మెడకు ఉచ్చు బిగించడం, ఇవీ ఇందులోని విద్యలు.

పట్టుకోవడం మన సీమకు కొత్త కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మహానవమి వేడుకల్లో మల్లుల కుస్తీ చూశాడు. ఆ దెబ్బలకు పళ్లు ఊడేవని, కళ్లు పోయేవని రాసుకున్నాడు. ఆయన తర్వాత వచ్చిన నూనిజ్ విజయనగర కొలువులో కుస్తీ పట్టే ఆడవాళ్లు కూడా ఉండేవారని రాశాడు. హంపిలో మహానవమి దిబ్బ రాళ్ల మీద చెక్కిన మల్లులు ఇప్పటికీ కలబడుతూనే ఉన్నారు. మన తాలింఖానాల్లోనూ కుస్తీ పెరిగింది. అందులో ఒంటి మీద లంగోటా తప్ప నూలుపోగు ఉండదు. ఒళ్లంతా చెమట, మట్టి. పట్టు జారిపోతుంది. జారకుండా పట్టుకోవడమే అక్కడ మొదటి విద్య.

జపాను వాళ్ల దారి వేరు. అక్కడ మనుషులు బట్టలతో కలబడ్డారు. జిగోరో కానో అనే చదువుకున్న యువకుడు పాత జుజుత్సు విద్యలు నేర్చుకుని, అందులో ప్రాణం తీసేవి, ఎముకలు విరిచేవి పక్కన పెట్టి, బడిలో పిల్లలకు నేర్పదగినట్టుగా కూర్చాడు. 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో కొద్దిమంది శిష్యులతో కొడోకాన్ అనే శిక్షణాలయం పెట్టాడు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు కూడా సరిగా నిండలేదు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆటను పాఠంలా కట్టడం అందుకే ఆయనకు చాతనయింది. మొదట్లో జూడో చొక్కా చేతులు మోచేతి దగ్గరే ఆగేవి, లాగులు మోకాలి పైనే ఉండేవి. చాపల మీద పడీ పడీ మోచేతులు, మోకాళ్లు దోక్కుపోయేవి. 20వ శతాబ్దం మొదటి పదేళ్లలో చేతులు, కాళ్లు పొడుగు చేశారు. చర్మం దక్కింది. దానితోపాటు పట్టుకోవడానికి ముంజేతి దగ్గర కూడా గుడ్డ దొరికింది. ఆట రూపమే మారిపోయింది.

జూడోలో ఎదుటివాడి చొక్కా నా ఆయుధం, నా చొక్కా ఎదుటివాడి ఆయుధం. ఒక చేత్తో కాలర్, ఇంకో చేత్తో చొక్కా చెయ్యి పట్టుకుని, అతన్ని ముందుకు లాగి, కాలి మునివేళ్ల మీద తూగేటట్టు చేసి, ఆ క్షణంలో నడుము కిందికి దూరి విసిరేస్తాను. పట్టు దొరక్కపోతే ఎంత విద్య ఉన్నా దండగే. అంచేత పట్టు దొరక్కుండా చేసే మోసమే ఈ ఆటలో పెద్ద మోసం. చొక్కా చెయ్యి పొట్టిగా, బిగుతుగా కుట్టించుకుంటే ఎదుటివాడి వేళ్లకు గుడ్డ అందదు. కాలర్ మందంగా గట్టిగా ఉంటే పిడికిలి మూసుకోదు. చొక్కా ముందు భాగం సరిగా కప్పకపోతే లాగగానే ఊడి వచ్చేస్తుంది, పట్టు వృథా. ఇవన్నీ జనం చేసి చూసిన తెలివితేటలే. నియమాల పుస్తకంలో ప్రతి సెంటీమీటరు వెనకా ఇట్లాంటి ఒక గడుసుదనం ఉంటుంది.

కాబట్టి లెక్కలు పెట్టారు. చొక్కా చేతికి, లోపలి చేతికి మధ్య పది నుంచి పదిహేను సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, చెయ్యి పొడుగునా. కాలర్ మందం ఒక సెంటీమీటరు దాటకూడదు. ఎడమ అంచు కుడి అంచు మీదికి వచ్చినప్పుడు పక్కటెముకల కింద కనీసం ఇరవై సెంటీమీటర్లు కప్పాలి. బెల్టు వెడల్పు నాలుగైదు సెంటీమీటర్లు. ముడి వదులుగా ఉండకూడదు. చొక్కా పిరుదులను పూర్తిగా కప్పాలి. వీటిని కొలవడానికి సొకుతేకి అనే కొలబద్ద ఉంటుంది. పోటీదారు మ్యాట్ దగ్గరికి పోయే ముందు ఒక గదిలోనో, బల్ల దగ్గరో ఆగాలి. అక్కడి అధికారి ఆ కొలబద్దను చొక్కా చేతిలో దూర్చి చూస్తాడు, కాలర్ మీద పెట్టి చూస్తాడు. తేడా ఉంటే మార్చుకోవాల్సిందే. అంతర్జాతీయ పోటీల్లో ఆ తప్పుకు కోచ్ కూడా బాధ్యుడు. ఆ రోజుకు అతన్ని కోచ్ కుర్చీలో కూర్చోనివ్వరు. నాకు చాలా నచ్చిన నియమం ఇది. పిల్లవాడు తనకిచ్చిన చొక్కా తొడుక్కుంటాడు. అది సరిగా ఉందా లేదా చూడాల్సింది పెద్దవాడు.

కొలతలే కాదు, డ్రెస్సు ఉతికి ఆరేసినదై ఉండాలి, తడి ఉండకూడదు, వాసన రాకూడదు. చేతిగోళ్లు, కాలిగోళ్లు కత్తిరించుకోవాలి. జుట్టు పొడుగ్గా ఉంటే ముడి వేసుకోవాలి, క్లిప్పులు, పిన్నులు పనికిరావు. ఉంగరం, గొలుసు, కమ్మలు, మొలతాడు మీద బిళ్ల, ఏ లోహమూ ఒంటి మీద ఉండకూడదు. తాయెత్తు కట్టుకున్న పిల్లలకు ఇది ముందే చెప్పి పంపాలి. మ్యాట్ పక్కన నిలబెట్టి విప్పమంటే పిల్లవాడి గుండె సగం అక్కడే జారిపోతుంది.

ఇక గుడ్డ సంగతి. జూడో చొక్కా గుడ్డ ప్రధానంగా నూలే. బియ్యపు గింజలు పేర్చినట్టు గట్టిగా నేస్తారు. అంతర్జాతీయ పోటీలకు చదరపు మీటరుకు 650 నుంచి 750 గ్రాముల బరువు ఉండాలంటారు. మామూలు చొక్కా గుడ్డకు ఇది ఎన్నో రెట్లు. నూలు అంటే మనకు వేరే చెప్పనక్కర్లేదు. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం 1906 నుంచి ఉంది, నరసింహ అనే పత్తి రకం అక్కడ పుట్టిందే. నూలు ఉతికితే కుంచించుకుపోతుందని పత్తి పండించే ఊళ్లలో ఎవరికి తెలియదు? అయినా జూడో డ్రెస్సు కొనేటప్పుడు మరిచిపోతారు. కొత్తదాన్ని కొలిచి సరిపోయిందంటారు, రెండు ఉతుకులకు చెయ్యి మణికట్టు దిగదు. పైగా పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు ఏడాదిలో ఎంత ఎదుగుతారో మనకు తెలుసు. ఒక సైజు పెద్దది కొని, రెండుసార్లు ఉతికి, అప్పుడు కొలవాలి. పోటీకి ముందు రోజు మళ్లీ కొలవాలి.

రంగు కథ కూడా ఉంది. మొదటి నుంచీ జూడో డ్రెస్సు తెలుపే. ఇద్దరూ తెలుపే వేసుకుంటే ఎవరు ఎవరో తెలియడానికి నడుముకు ఎర్ర పట్టీ ఒకరికి, తెల్ల పట్టీ ఒకరికి కట్టేవారు. ఇద్దరూ నేల మీద పెనవేసుకుని దొర్లుతున్నప్పుడు ఏ కాలు ఎవరిదో, ఏ చెయ్యి ఎవరిదో చూసేవాళ్లకే కాదు, రెఫరీకి కూడా తికమకే. ఒకరికి నీలం వేయమని ప్రతిపాదించినవాడు హాలెండు మల్లుడు ఆంటన్ హేసింక్. ఆయన సామాన్యుడు కాడు. 1964లో టోక్యోలో జూడో మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు, జపాను గడ్డ మీద, జపాను వీరుడు అకియో కామినాగను ఓపెన్ విభాగంలో ఓడించి స్వర్ణం కొట్టినవాడు. గెలిచిన క్షణంలో సంబరంతో మ్యాట్ మీదికి ఉరికొస్తున్న తనవాళ్లను చేయెత్తి ఆపేసి, ఓడినవాడికి వంగి నమస్కరించాడు. జపాను జనం ఆయన్ను ఓటమికంటే ఎక్కువగా ఆ మర్యాదకే గుర్తుపెట్టుకున్నారు. అయినా ఆయన నీలం చొక్కా మాట ఎత్తితే మాత్రం వాళ్లు ససేమిరా అన్నారు. ఏళ్ల తరబడి వాదన నడిచింది. చివరికి 1997లో అంతర్జాతీయ సమాఖ్య నీలాన్ని ఒప్పుకుంది. జపాను తన దేశవాళీ పెద్ద పోటీ ఆల్ జపాన్ చాంపియన్‌షిప్‌లో ఇప్పటికీ ఇద్దరికీ తెలుపే వేయిస్తుంది. మొండితనం అనండి, పట్టుదల అనండి, మీ ఇష్టం.

నీలం వచ్చాక దాని మీద ఒక అనుమానమూ పుట్టింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ఫలితాలు లెక్కేసిన కొందరు శాస్త్రజ్ఞులు, నీలం వేసుకున్నవాళ్లే ఎక్కువ గెలిచారని 2005లో నేచర్ పత్రికలో రాశారు. పేపర్లన్నీ ఎత్తుకున్నాయి. 2008లో డైక్‌స్ట్రా, ప్రీనెన్ అనే ఇద్దరు డచ్చి పరిశోధకులు ఇంకా చాలా ఎక్కువ పోటీలు తీసి చూస్తే ఆ తేడా కనిపించలేదు. ఏథెన్స్‌లో నీలం ఎవరికి దక్కింది, వాళ్లలో బలమైనవాళ్లు ఎందరు, ఎవరికి ఎక్కువ విశ్రాంతి దొరికింది అన్నవి కలిసి ఆ భ్రమ పుట్టించాయని తేల్చారు. మీ పిల్ల "నాకు తెల్ల డ్రెస్సు పడింది, కలిసిరాదు" అంటే ఈ ముచ్చట చెప్పండి.

ఆడపిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మగపిల్లలు చొక్కా లోపల ఏమీ వేసుకోరు. ఆడపిల్లలు తెల్లటి, గుండ్రటి మెడ ఉన్న పొట్టి చేతుల టీ షర్టు తప్పనిసరిగా వేసుకుని, దాన్ని ప్యాంటులోకి దోపుకోవాలి. ఒంటి మీద మెడ నుంచి చీలమండ దాకా గుడ్డే. ఈతకు, జిమ్నాస్టిక్స్‌కు బట్టల పేరు చెప్పి ఆడపిల్లలను ఆపేసే పెద్దలు జూడోకు ఆ సాకు చెప్పలేరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సౌదీ అరేబియా మొట్టమొదటిసారి ఆడవాళ్లను పంపినప్పుడు వాళ్లలో ఒకరు జూడో అమ్మాయే. వుజ్‌దాన్ షహర్‌కానీ, పదహారేళ్ల పిల్ల. తలకు గుడ్డ కట్టుకుంటే మెడకు ప్రమాదమని సమాఖ్య మొదట వద్దంది. మాట్లాడుకుని, బిగుతుగా అతుక్కునే ఒక రకం తలగుడ్డకు ఒప్పుకున్నారు. ప్యూర్టోరికో అమ్మాయి చేతిలో 82 సెకన్లలో ఓడిపోయింది. ఆ 82 సెకన్లకు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నంద్యాల గల్లీల్లో ముస్లిం ఇళ్ల ఆడపిల్లలకు ఈ కథ ఎవరైనా చెబితే బాగుంటుంది.

అన్నట్టు, రంగు రంగుల బెల్టుల మోజు గురించి ఒక్క మాట. ఏ ఆటలోనైనా నల్ల బెల్టు అనగానే మనకు గౌరవం పొంగుకొస్తుంది. ఆరు నెలల్లో నల్ల బెల్టు ఇప్పిస్తాం అనే బోర్డులు కూడా అందుకే పుట్టాయి. పోటీ మ్యాట్ మీద బెల్టు రంగుకు ఒక్క మార్కు రాదు. అక్కడ చూసేది రెండే, వయసు, బరువు.

బరువు విభాగాలంటే మనవాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. తిరునాళ్లలో బండలాగుడు పోటీలకు పాలపళ్ల జత, రెండు పళ్ల జత, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్ అని విడగొట్టి, పాలపళ్ల కోడెలను పెద్ద ఎద్దులతో పోటీకి కట్టకపోవడం చూస్తూనే ఉన్నాం. జూడోలో పెద్ద మగవాళ్లకు 60, 66, 73, 81, 90, 100 కిలోల లోపు, 100 పైన, మొత్తం ఏడు. ఆడవాళ్లకు 48, 52, 57, 63, 70, 78 లోపు, 78 పైన, అవీ ఏడే. పదిహేను నుంచి పదిహేడేళ్ల కేడెట్ పిల్లలకు ఇంకా తక్కువ బరువులవి ఉంటాయి. 1964లో మగవాళ్లకు మూడు బరువులు, ఒక ఓపెన్ మాత్రమే ఉండేవి. ఆడవాళ్ల జూడో 1988లో ప్రదర్శనగా వచ్చి, 1992 బార్సిలోనా నుంచి పతకాల జాబితాలో చేరింది.

అంతర్జాతీయ పోటీల్లో తూకం ముందు రోజే వేస్తారు. పోటీ రోజు పొద్దున చీటీలు తీసి కొందరిని మళ్లీ తూచి, విభాగం బరువు కంటే ఐదు శాతానికి మించి పెరిగితే పక్కన పెడతారు. ఎందుకంటే ఒళ్లు ఎండగట్టుకుని తూకం దాటి, రాత్రికి రాత్రి తిని, తాగి నాలుగైదు కిలోలు పెంచుకునే అలవాటు ఉంది. ఇది పెద్దవాళ్లకే మంచిది కాదు. మన ఎండల్లో, మన పిల్లలకు అసలు చేయకూడదు. నీళ్లు తాగనివ్వకుండా, స్వెట్టరు తొడిగి పరిగెత్తించి, ఉమ్మి ఉమ్మి ఒక కిలో దించి, తక్కువ బరువులో పతకం కొట్టించే శిక్షకుణ్ని కన్నవాళ్లు గట్టిగా నిలదీయాలి. పన్నెండేళ్ల పిల్లకు ఆ పతకం కంటే ఆ పూట అన్నం ముఖ్యం.

ఇప్పుడు గెలుపు ఎట్లా తేలుతుందో చూద్దాం. పెద్దల పోటీ నాలుగు నిమిషాలు. ఎదుటివాణ్ని బలంగా, వేగంగా, అదుపు తప్పకుండా వీపు మీద పడేస్తే ఇప్పాన్. ఆట అక్కడితో సరి. నేల మీద కదలకుండా ఇరవై సెకన్లు అదిమి ఉంచినా ఇప్పానే. చేతికీలు మెలితిప్పో, మెడ బిగించో ఒప్పించినా అంతే. దానికి కొంచెం తక్కువైతే వాజా-ఆరి, అవి రెండు కలిస్తే ఇప్పాన్. అంతకంటే చిన్నది యూకో. 2017లో దాన్ని తీసేశారు, 2025లో మళ్లీ తెచ్చారు. తప్పులకు షిడో వేస్తారు, మూడు షిడోలు పడితే ఓడినట్టే. పట్టుకోకుండా తప్పించుకు తిరగడం, దాడి చేయకుండా కాలం గడపడం, కావాలని బెల్టు విప్పుకోవడం, ఇవన్నీ షిడోలే. నాలుగు నిమిషాలకూ తేలకపోతే గోల్డెన్ స్కోర్. అక్కడ కాలానికి హద్దు లేదు.

ఈ లెక్కలు తెలిస్తేనే ఫలితం వెనక ఏం జరిగిందో తెలుస్తుంది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మన జూడో క్రీడాకారిణి తూలికా మాన్ రజతం గెలిచిందని మనం చదివాం. ఫైనల్లో ఆమె స్కాట్లాండ్ అమ్మాయి సారా ఆడ్లింగ్టన్ మీద వాజా-ఆరితో ముందుంది. ఆ తర్వాత ఒక్క ఇప్పాన్‌తో అంతా తారుమారైంది. ఫుట్‌బాల్‌లో మూడు గోల్స్ వెనకబడినవాడు మూడు కొట్టాలి. జూడోలో వెనకబడినవాడికి చివరి సెకను దాకా ఒక్క విసురు చాలు. అదే క్రీడల్లో 48 కిలోల విభాగం ఫైనల్లో మణిపూర్ అమ్మాయి సుశీలాదేవి దక్షిణాఫ్రికా క్రీడాకారిణి చేతిలో గోల్డెన్ స్కోర్‌లో ఓడి రజతం తెచ్చుకుంది. అది 2014 గ్లాస్గో తర్వాత ఆమె రెండో రజతం. వారణాసి కుర్రవాడు విజయ్ కుమార్ యాదవ్ 60 కిలోల్లో కాంస్యం పోరును నిమిషం లోపే ముగించేశాడు.

నియమం ఎంత కఠినంగా ఉంటుందో చెప్పడానికి నాకు బ్రెజిల్ అమ్మాయి రఫేలా సిల్వా గుర్తొస్తుంది. రియో నగరంలో సిటీ ఆఫ్ గాడ్ అనే పేదల వాడలో పుట్టింది. 2012 లండన్‌లో చేత్తో ఎదుటి అమ్మాయి కాలు పట్టుకుంది. అంతకుముందు కొన్నేళ్ల దాకా అది తప్పు కాదు, కొత్తగా వచ్చిన నిషేధం. దాంతో పోటీ నుంచే తీసేశారు. ఇంటికి వెళ్లాక సొంత దేశంవాళ్లే రంగు పేరుతో దారుణంగా తిట్టారు. ఆట మానేద్దామనుకుంది. నాలుగేళ్లకు రియోలో, తన వాడకు కొద్ది దూరంలోనే, 57 కిలోల్లో స్వర్ణం కొట్టింది. మన కుస్తీ నేపథ్యం నుంచి జూడోకు వచ్చే పిల్లలకు చేతులు కాళ్ల మీదికే పోతాయి, అదే మన అలవాటు. మొదటి రోజునుంచే ఈ నియమం ఒంటబట్టించాలి.

మనదేశం జూడోలో ఎక్కడుంది? దాపరికం లేకుండా చెప్పాలంటే, ఒలింపిక్స్‌లో ఇప్పటిదాకా పతకం లేదు. 2024 పారిస్‌లో తూలికా మాన్ ఒక్కతే వెళ్లింది, క్యూబా దిగ్గజం ఇడాలిస్ ఒర్టిజ్ చేతిలో అర నిమిషం లోపే ఇంటిముఖం పట్టింది. కానీ అదే పారిస్‌లో, అదే ఏడాది సెప్టెంబరు 5న, పారాలింపిక్స్‌లో కపిల్ పర్మార్ కాంస్యం తెచ్చాడు. జూడోలో మనకు ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెంటిలోనూ కలిపి అదే మొదటి పతకం. బ్రెజిల్ వాడి మీద 33 సెకన్లలో గెలిచాడు.

కపిల్ మధ్యప్రదేశ్‌లోని సెహోర్ వాడు. చిన్నప్పుడు పొలంలో నీళ్ల మోటారు ముట్టుకుని కరెంటు షాక్ కొట్టి, క్రమంగా చూపు పోగొట్టుకున్నాడు. కుటుంబానికి ఆసరాగా టీ కొట్టు నడిపాడు. మోటారు షాకుల వార్త లేకుండా ఏ వేసవి గడిచింది మన బోర్ల సీమలో? అందుకే ఆ పతకం నాకు దగ్గరిదనిపించింది. చూపు లేనివాళ్ల జూడోలో ఒకే ఒక్క పెద్ద తేడా ఉంది. ఇద్దరూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నాకే రెఫరీ హజిమే, అంటే మొదలెట్టండి, అంటాడు. పట్టు విడిపోతే ఆట ఆపి మళ్లీ పట్టిస్తాడు. చూపు పూర్తిగా లేనివాళ్ల చొక్కా చేతుల మీద ఎర్రటి గుండ్రటి గుర్తు కుడతారు. మిగతా అంతా ఒకటే విద్య. గుడ్డ ద్వారా ఎదుటివాడి బరువు ఎటు ఒరుగుతోందో వేళ్లకు తెలుస్తుంది. కళ్లున్నవాళ్లలో కూడా గొప్ప జూడో ఆటగాళ్లు చూసేది వేళ్లతోనే.

మరొక పేరు, లింథోయ్ చనంబం. మణిపూర్ పిల్ల. 2022 ఆగస్టులో సరయేవోలో ప్రపంచ కేడెట్ చాంపియన్‌షిప్‌లో 57 కిలోల స్వర్ణం గెలిచింది. ఏ వయసు విభాగంలోనైనా జూడోలో భారతదేశానికి అదే మొదటి ప్రపంచ పతకం. 2025లో పెరూలోని లిమాలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల్లో 63 కిలోల కాంస్యం కూడా తెచ్చింది. ఆమె శిక్షణ పొందింది ఎక్కడో కాదు. నంద్యాల స్టేషన్లో పడమటి రైలెక్కితే డోన్, గుంతకల్లు దాటి బళ్లారి వస్తుంది, ఆ పక్కనే తోరణగల్లు. అక్కడి ఉక్కు కర్మాగారం వాళ్లు 2018లో తెరిచిన ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్‌లోనే, జార్జియా దేశపు కోచ్ మముకా కిజిలాష్విలి దగ్గర. తెలుగు బాగా వినపడే బళ్లారి జిల్లా అది. మణిపూర్ నుంచి ఒక పిల్ల దేశం ఆ మూల నుంచి ఈ మూలకు వచ్చి నేర్చుకుంటే, దగ్గర్లోని జిల్లాల మనం ఆ పేరు కూడా వినకపోవడం నాకు కొంత ఎగతాళిగానే తోస్తుంది.

చిన్న ఊళ్ల నుంచి ఏమవుతుందిలే అనేవాళ్లకు కొసోవోలోని పేయా పట్టణం చూపించాలి. నంద్యాల కంటే చిన్న ఊరు. యుద్ధంలో తగలబడిన ఊరు. డ్రిటన్ కూకా అనే ఆటగాడు యుగోస్లావియా ముక్కలవుతున్న రోజుల్లో తన బార్సిలోనా ఒలింపిక్ అవకాశాన్ని పోగొట్టుకున్నాడు. యుద్ధం ముగిశాక ఊళ్లో తన ఇంటి దగ్గరే వీధి పిల్లలను పోగేసి జూడో నేర్పాడు. వాళ్లలో ఒకమ్మాయి మైలిండా కెల్మెండి. 2012లో తన దేశానికి ఒలింపిక్ గుర్తింపు లేక అల్బేనియా పేరుతో ఆడింది. 2016 రియోలో కొసోవో జెండా కింద 52 కిలోల స్వర్ణం గెలిచింది, ఆ దేశానికి మొదటి ఒలింపిక్ పతకం. ఆ తర్వాత టోక్యో ఒలింపిక్స్‌లో ఆ ఊరి శిక్షణ నుంచే ఇంకో ఇద్దరు అమ్మాయిలు, డిస్ట్రియా క్రస్నిచి, నోరా జాకోవా, రెండు స్వర్ణాలు తెచ్చారు. ఒక గురువు, ఒక గది, కొన్ని చాపలు, ఏళ్ల తరబడి వదలని పని. ఇందులో పెద్ద భవనాల ప్రసక్తి లేదు.

మన దగ్గర తరచూ తలకిందులుగా జరుగుతుంది. పతకం ముందు, పని తర్వాత. జాతీయ పోటీల్లో పతకం అని వార్త వస్తుంది. ఏ సమాఖ్య పోటీ? ఏ వయసు, ఏ బరువు? ఆ విభాగంలో ఎందరు ఆడారు? ఎన్ని పోటీలు గెలిచి అక్కడికి చేరింది? ఈ నాలుగూ ఆ వార్తలో ఉండవు. జూడోలో ప్రతి విభాగానికీ మామూలుగా రెండు కాంస్యాలు ఇస్తారు. నలుగురే వచ్చిన విభాగంలో నలుగురికీ పతకాలు దక్కవచ్చు. ముప్పై మంది మధ్య ఐదో స్థానం దాని కంటే ఎన్నో రెట్లు గొప్ప. ఉద్యోగాల్లో, సీట్లలో క్రీడా కోటా వెతుక్కునే కన్నవాళ్లు సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు గుర్తింపు ఉందో లేదో ప్రయాణం డబ్బు కట్టకముందే అడగాలి. అడిగితే శిక్షకుడు కోప్పడతాడేమో అని మొహమాటపడొద్దు. మంచి శిక్షకుడు కోప్పడడు.

మ్యాట్ లేకుండా జూడో లేదు. ఇది అన్నిటి కంటే గట్టిగా చెప్పాల్సిన మాట. పోటీ మ్యాట్ కనీసం ఎనిమిది మీటర్ల పొడుగు, ఎనిమిది మీటర్ల వెడల్పు, చుట్టూ మూడు మీటర్ల రక్షణ స్థలం. అంత లేకపోయినా నేర్పడానికి నాలుగు సెంటీమీటర్ల మందం ఉన్న గట్టి చాపలు ఒక గది నిండా పరవాలి. సిమెంటు నేల మీద జంపఖానా వేసి పిల్లలను విసరడం నేరం అంటాను నేను. జూడోలో మొదట నేర్పేది పడేయడం కాదు, పడడం. ఉకెమి అంటారు. గడ్డం రొమ్ముకు ఆనించి, వీపు గుండ్రంగా చేసి, నేల తాకే క్షణంలో చేత్తో చాపను చరిచి, తల నేలకు తగలకుండా పడడం. నెలలపాటు ఇదే చేయిస్తే పిల్లలకు విసుగొస్తుంది, కన్నవాళ్లకు ఇంకా ముందే వస్తుంది. ఆ విసుగును ఓర్చుకున్న శిక్షణాలయం దగ్గరే మీ పిల్లలను చేర్చండి. ఇది నేర్చిన పిల్ల రేపు సైకిలు మీది నుంచి పడ్డా, ముసలితనంలో స్నానాలగదిలో జారినా తల కాపాడుకుంటుంది.

నంద్యాల, ఆళ్లగడ్డ పెద్దలకు ఒక మనవి. మన తిరునాళ్లలో గెలిచిన ఎద్దుల జతకు వేలు, లక్షలు బహుమతిగా ఇచ్చే చెయ్యి మనది. ఆ దాతల్లో ఒక్కరు ఒక్క ఏడాది బహుమతి సొమ్ములో కొంత పక్కన పెడితే ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఒక గదికి జూడో చాపలు వస్తాయి, పది సైజుల్లో డ్రెస్సులు వస్తాయి. డ్రెస్సులు బడిలోనే ఉంచి పిల్లలు మార్చి మార్చి వాడుకోవచ్చు. ఆటకు వచ్చే పేద పిల్లలకు మొదట అడ్డం పడేది ఆ డ్రెస్సు ఖరీదే. వ్యాయామ ఉపాధ్యాయులు కూడా సొంతంగా ఒక కొలబద్ద చేసి పెట్టుకుని, జోనల్ పోటీలకు బయల్దేరే ముందు రోజు ప్రతి పిల్ల చొక్కా కొలిచి, గోళ్లు చూసి, ఒక అదనపు డ్రెస్సు సంచిలో వేసుకుని బయల్దేరాలి. దాతలు ఎవరైనా ముందుకొస్తే మీ ఊరి బడి హెడ్మాస్టరు గారిని ఈ వారంలోనే కలవండి.